కాడి విరిచిన కార్డు

జనవరి ఒకటో తారీకు పొద్దున్న పాస్టరు మన్మథరావు నూట అరవై కార్డులు స్టీలు పళ్లెంలో పోసి, పైన తువ్వాలు కప్పి, ఈ ఏడాదికి దేవుడు ఎవరికి ఏం రాసి పెట్టాడో ఎవరికి వారే తీసుకోమన్నాడు. ఉప్పలమొగ ప్రార్థన మందిరంలో పదేళ్లుగా ఇదే పద్ధతి. ఇంటికొక కార్డు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి తీయాలి. కార్డు మీద బైబిల్లోని ఒక వాక్యం, దాని కింద పాస్టరు ఫొటో, ఫోను నంబరు ఉంటాయి. వాక్యం కన్నా ఫొటో పెద్దది. దీన్ని వాగ్దానం అంటారు. ఏడాది పొడుగునా ఆ వాక్యం ఆ ఇంటికి చెల్లుతుంది. పెళ్లి కుదిరితే వాగ్దానం నెరవేరినట్టు. పడవ మునిగితే ఆ ఇంటివాళ్లకి విశ్వాసం చాలనట్టు. ఎటు తిరిగినా కార్డుకి ఓటమి లేదు.

పాస్టరు కాకముందు మన్మథరావు పలాసలో జీడిపప్పు బ్రోకరు. ఆ పని సాగక ఊరొచ్చి, ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, ఏడో నెలలో దేవుడు పిలిచాడన్నాడు. ఒకసారి నేపాల్ వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చాక ఫ్లెక్సీ మీద పేరుకి ముందు 'అంతర్జాతీయ ప్రవక్త' అని వేయించుకున్నాడు.

గౌరమ్మ మాత్రం ఆ పళ్లెంలో చెయ్యి పెట్టదు. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన మనిషి. ఏటా బైబిలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. చదివిన అధ్యాయం పక్కన పెన్సిలుతో గీత పెడుతుంది. కొన్ని అధ్యాయాల పక్కన పద్నాలుగు గీతలున్నాయి. మొత్తం పుస్తకం ఇంట్లో ఉండగా అందులోంచి ఒక ముక్క చింపి పళ్లెంలో పెట్టుకోవడం ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. అడిగితే పాస్టరుకీ అర్థం కాలేదు.

ఆమె తమ్ముడు నూకయ్య మాత్రం తీశాడు. కళ్లజోడు తేలేదని కార్డు పాస్టరు చేతికే ఇచ్చాడు. పాస్టరు మైకులో చదివాడు.

"నేను కాడిని విరిచాను. రెండేళ్లలోగా అన్నీ తిరిగి రప్పిస్తాను. హల్లెలూయా! బ్రదర్ నూకయ్యా, నీ కాడి ఏంటో సంఘానికి చెప్పు."

"డయాలసిస్ అయ్యా. నాలుగేళ్లైపోనాది. మంగళారం ఒకపాలి, సుక్కురారం ఒకపాలి. పలాస."

"దేవుడు విరిచేసిన కాడి కింద మళ్లీ ఎవడైనా మెడ పెడతాడా?"

"పెట్టడు!" అన్నారు జనం.

"ఆయనే విరిచాడు. నువ్వు మళ్లీ ఎత్తుకుంటే ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టు. రెండేళ్లలో నీకు కొత్త కిడ్నీలు. ప్రవచిస్తున్నాను, రాసుకోండి."

కీబోర్డు మోగింది. నూకయ్య పెళ్లాం చిన్నమ్మి ఏడ్చింది. జీడి పిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడిన చేతులు పైకెత్తి ఏడ్చింది. గౌరమ్మ తమ్ముడి మొహం చూసింది. ఆ మొహంలో ఆమెకి ఏమీ కనిపించలేదు.

మర్నాడు మంగళవారం పొద్దున్న ఆరింటికి పలాస వెళ్లే ఆటో నూకయ్య ఇంటి ముందు ఆగి, హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఎనిమిదింటికి గౌరమ్మ వెళ్లేసరికి నూకయ్య అరుగు మీద కూర్చుని కొబ్బరి బొండాం తాగుతున్నాడు.

ఇరవై ఏళ్లు చెట్టెక్కి ఊళ్లో అందరికీ బొండాలు దింపిన మనిషి. కిడ్నీలు పోయాక డాక్టరు మొట్టమొదట మానిపించింది బొండాం నీళ్లే. ఆ నీళ్లలో ఉండే పొటాషియం బయటికి పోయే దారి లేక రక్తంలో పేరుకుంటుంది, పేరుకుంటే గుండె ఆగిపోతుంది అని మూడుసార్లు చెప్పాడు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఈ ఉద్దానం ఊళ్లలో ఈ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు.

"ఏటిరా అది? ఏటి తాగుతన్నావు?"

"కాడి ఇరిగిపోనాది కదప్పా."

"ఎన్ని తాగినావు?"

"ఇది రెండోది. నాలుగేళ్లయ్యింది తాగి. ఎంత తియ్యగుందో."

గౌరమ్మ బొండాం లాక్కుని పెరట్లోకి విసిరింది. చిన్నమ్మి లోపల్నించి వచ్చింది.

"వదినా, అయ్యగారు అంతమంది ముందు సెప్పినారు. దేవుడి మాట మీద నిలబడ్డాడు నా మొగుడు. నువ్వొచ్చి పడగొట్టకు."

"నిలబడ్డాడేటి? కూకున్నాడు గదే. కాళ్లు సూడు, అప్పుడే ఎలగ ఉబ్బినాయో. ఏదీ, ఆ కార్డిలా తే."

గోడకి దేవుడి క్యాలెండరు, దాని పక్కన మేకుకి కార్డు. వాక్యం చివర చిన్న అక్షరాల్లో యిర్మీయా, ఇరవై ఎనిమిది అని ఉంది. గౌరమ్మ అక్కడే నిలబడి ఆ అంకె రెండుసార్లు చూసింది. ఇంటికి వెళ్లి, తన బైబిలు తీసి, ఆ అధ్యాయం తెరిచింది. దాని పక్కన పద్నాలుగు గీతలు.

అనుమానం నిజమే. ఆ మాట దేవుడు అన్నది కాదు.

బబులోను రాజు యెరూషలేమును వంచి, గుడిలోని పాత్రలు ఎత్తుకుపోయిన రోజులవి. యిర్మీయా ప్రవక్త చెక్క కాడి ఒకటి మెడకి తగిలించుకుని వీధుల్లో తిరిగేవాడు. ఇది దేవుడు వేసిన శిక్ష, దీన్ని మోయక తప్పదు అని చెప్పేవాడు. వినేవాళ్లకి నచ్చేది కాదు. అప్పుడు గుడిలో హనన్యా అనే మరో ప్రవక్త లేచాడు. దేవుడు బబులోను కాడి విరిచేశాడు, రెండేళ్లలో పోయినవన్నీ తిరిగొస్తాయి అన్నాడు. అని యిర్మీయా మెడలోని కాడి లాగి అందరి ముందూ విరిచాడు. జనానికి నచ్చింది. అయితే దేవుడు అతన్ని పంపలేదు. అతను చెప్పింది అబద్ధం. హనన్యా అనే ఆ దొంగ ప్రవక్త మాటని మన్మథరావు పలాసలో అచ్చు వేయించి, కింద తన ఫొటో పెట్టుకుని, వాగ్దానం అని పంచాడు.

గౌరమ్మకి నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. మొత్తానికి తేలిక పడింది. తప్పు అచ్చులో దొరికింది. ఇక చూపించడమే తరువాయి.

బుధవారం పొద్దున్న పాస్టరు ఇంటికి వెళ్లింది. వరండాలో నీళ్ల టిన్నులు నాలుగున్నాయి. కిడ్నీలు చెడేది ఊరి బోరు నీళ్లవల్లే అంటారు, అందుకని వాటిని పాస్టరు ముట్టడు. పలాస నుంచి టిన్నులు తెప్పించుకుంటాడు. ఊరివాళ్లు బోరు నీళ్లు సీసాల్లో తెస్తే వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఇక ఏ జబ్బూ రాదు, తాగండి అంటాడు.

"ప్రైజ్ ద లార్డ్, సిస్టర్ గౌరమ్మా."

"అయ్యగారూ, నా తమ్ముడికి వచ్చిన కార్డు మీద మాట ఎవలన్నారు?"

"దేవుడు."

"దేవుడు కాదు. హనన్యా."

"ఎవరు?"

అంతర్జాతీయ ప్రవక్త ఆ పేరు వినలేదు. గౌరమ్మ బైబిలు తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కొంచెం చదివాడు. కళ్లు పైకెత్తకుండా అన్నాడు.

"యెహోవా చెప్పేది ఏమిటంటే, అనే కదమ్మా ఇక్కడ మొదలైంది?"

"దొంగ ప్రవక్త మరెలగ మొదలెడతాడు? నీను దొంగని, ఇనండి అని మొదలెడతాడేటి?"

"చూడమ్మా, బైబిల్లో ఉన్న ప్రతి మాటా దేవుడి మాటే."

"తోటలో పాము అన్న మాట కూడా అందులోనే ఉన్నాది. తినండి, మీరేటీ సావరు అన్నాది. వచ్చే ఏడు కార్డుల మీద అది ఏయించండి, బాగుంటాది."

పాస్టరు గొంతు తగ్గించాడు. "ఫోన్లో కాడి అని కొడితే చాలా వచ్చాయమ్మా. ప్రెస్సువాడు మూడు లైన్లు దాటొద్దన్నాడు. చిన్నదిగా ఉంది, మంచిగా ఉంది అని పెట్టాను. నూట అరవై వాక్యాలు. ఒక్కోదానికీ ముందూ వెనకా చూస్తూ కూర్చుంటే క్రిస్మస్ పనులు ఎవరు చేస్తారు?"

"సర్లెండి, జరిగిపోనాది. మా నూకయ్యకి ఫోను సెయ్యండి. పలాస ఎల్లమని ఒక్క ముక్క సెప్పండి. ఈ సంగతి నీను ఎవలికీ సెప్పను."

మన్మథరావు చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తున్నప్పుడు ఆయన చూపు వరండా గోడకి వాల్చిన ఫ్లెక్సీ మీద ఉంది. రెండో శనివారం సభకి అచ్చు వేయించింది. అందులో నూకయ్య ఫొటో ఉంది. పక్కన 'కాడి విరిగింది' అని ఉంది. ఒకటో తారీకు ప్రవచనం, మూడో తారీకుకల్లా ఫ్లెక్సీ.

"ప్రవచనం వెనక్కి తీసుకుంటే సంఘం ఏమనుకుంటుంది సిస్టర్? ఇవాళ నూకయ్య. రేపు మిగతావాళ్లూ వాళ్ల కార్డులు పట్టుకొస్తారు."

"మనిసి సచ్చిపోతాడు."

"నీకు చదువుంది గానీ విశ్వాసం లేదు. నీకోసం కూడా ప్రార్థన చేస్తాను."

"నాకొద్దు. ఆ టిన్నుల కోసం సేసుకోండి," అని గౌరమ్మ వచ్చేసింది.

శుక్రవారం కూడా ఆటో వచ్చి వెళ్లిపోయింది. ఆ మూడు రోజులూ గౌరమ్మ తమ్ముడి దగ్గరికి బైబిలు పట్టుకుని వెళ్లి వచ్చింది. చదివి వినిపించింది. వేలు పెట్టి చూపించింది. నూకయ్య ఊఁ కొట్టాడు. చిన్నమ్మి ప్రతిసారీ గిన్నెలు గట్టిగా పెట్టింది. శనివారానికి నూకయ్య పడుకోలేకపోయాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. జీడి పిక్కల బస్తాకి ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు.

ఆదివారం ఆరాధనలో అతన్ని ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. చెప్పులు పట్టక కాళ్లు నేల మీద పెట్టుకున్నాడు. సాక్ష్యాల సమయంలో చిన్నమ్మి లేచింది.

"రెండు మార్లు ఎల్లనేదు. ఎల్లకపోతే రెండు రోజుల్లో పోతావు అన్నారు ఆస్పత్రిలో. వారం దాటింది. నా దేవుడు నిలబెట్టినాడు."

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో నూకయ్య నోటితో ఊపిరి తీస్తున్నాడు. ఆ చప్పుడు రెండో వరస దాకా వినిపిస్తూనే ఉంది. రెండో వరస కూడా చప్పట్లు కొట్టింది.

గౌరమ్మ లేచి మైకు అందుకుంది. ఇరవై ఎనిమిదో అధ్యాయం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. హనన్యా పేరు వచ్చేసరికి పాస్టరు కీబోర్డు వాడికేసి చెయ్యి ఊపాడు. పాట అందుకున్నారు. ఎవరో మైకు వైరు పీకారు. ముప్పై ఏళ్లు నలభై మంది చంటిపిల్లల మీద అరిచిన గొంతుకి మైకు అక్కర్లేదు. పాట మీదుగానే చదివింది. దేవుడు నిన్ను పంపలేదు, నువ్వు ఈ జనం చేత అబద్ధాన్ని నమ్మించావు అని యిర్మీయా అన్న దగ్గర, ఆ ఏడే హనన్యా చచ్చిపోయిన దగ్గర, ఒక్కో ముక్కా విడదీసి చదివింది.

"సిస్టర్ గౌరమ్మ దేవుని సేవకుణ్ణి శపిస్తోంది!" అన్నాడు పాస్టరు.

"ఓలమ్మ, ఈ ఏడూ కార్డు తియ్యనేదు గదా, ఆ కుళ్లు," అంది వెనక నుంచి సింహాచలమ్మ.

"తమ్ముడు బాగుపడితే ఓర్సుకోనేదు," అంది ఇంకో గొంతు.

ఆ పూట మందిరంలో సుమారు రెండొందల మంది ఉన్నారు. సగం మంది ఒళ్లో బైబిలు ఉంది. ఒక్కరూ ఆ పేజీ తెరిచి చూడలేదు. చూస్తే నిజమవుతుందేమోనని భయం కూడా కాదు. అసలు ఆ అవసరమే వాళ్లకి తోచలేదు. చేతిలో కార్డున్నవాడికి పుస్తకంతో పనేంటి?

మధ్యాహ్నం గౌరమ్మ తమ్ముడింటికి వెళ్లేసరికి చిన్నమ్మి వంటింట్లో ఉంది. నూకయ్య పెరట్లో బస్తాకి ఆనుకుని ఉన్నాడు.

"ఇన్నావు కదరా. ఆ మాట దొంగోడిదని ఇన్నావు కదా. ఇంకేటి?"

నూకయ్య ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "అప్పా. నీను ఆ కార్డు నమ్మేనని... నీకు ఎవలు సెప్పినారు?"

గౌరమ్మ దగ్గరికి జరిగింది.

"మన్మథుడు నాకు సిన్నప్పట్నించి తెల్సు. ఆడి జీడిపప్పులో సగం రాళ్లే. ఆడికి దేవుడు కనబడితే... ముందుగాల ఆడే పరిగెత్తుతాడు." నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "నాలుగేళ్లప్పా. వారానికి రెండుమార్లు సూదులు. గుక్కెడు నీళ్లకి కొలత. ఈడికి పలాసే ఊరైపోనాది అంటారు. మానీత్తాను అంటే... నువ్వూరుకుంటావా? సిన్నమ్మి ఊరుకుంటాదా? దేవుడు మానీమన్నాడంటే... ఎవలూ ఏటీ అనరు. అందుకే ఊరుకున్నాను."

గౌరమ్మ పెరటి అరుగు మీద కూర్చుంది. ఆరు రోజులు తిరిగింది. పద్నాలుగు గీతల అధ్యాయం పట్టుకుని, తప్పు రుజువు చేస్తే తమ్ముడు లేచి ఆటో ఎక్కుతాడని నమ్ముకుంది. పాస్టరుకి కార్డు ఎంతో, తనకి ఆ అధ్యాయం అంతే అయింది. మందిరంలో రెండొందల మందిని ఎంత హీనంగా చూసిందో, ఇప్పుడు తనని తాను అంతే హీనంగా చూసుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కసారి కూడా, ఏల మానీసినావురా అని అడగలేదు.

"ఏలరా నాతో సెప్పనేదు?"

"నువ్వు అడగనేదు. సదివినావు."

గౌరమ్మ అంది. "దాని ముందు అధ్యాయంలో ఇంకో మాటుంది. సదవన్లే, సెప్తాను. కాడి కిందకి మెడ పెట్టండి, పెట్టి బతకండి అన్నాడు యిర్మీయా. కాడి మంచిదని అన్నేదు. అది పెట్టుకుంటేనే బతుకు అన్నాడు. అంతే."

"ఆయనకేటి, సెక్కది. ఎప్పుడు కావలిస్తే అప్పుడు తీసి... గోడకి ఆనిస్తాడు."

"సెక్కది ఇరిసేత్తే ఇనపది వత్తాదన్నాడు దేవుడు."

"మీ దేవుడికి దయ తక్కువప్పా."

"అబద్దం సెప్పనేదు గదరా."

నూకయ్య కళ్లు మూసుకున్నాడు. గౌరమ్మకి ఇంకో వాక్యం ఏదీ తోచలేదు. నోటికొచ్చింది అంది.

"సర్లే, సచ్చిపో. నీ ఇట్టం. గాని ఒకటి ఇనుకో. నువ్వు పోతే నీ శవం కాడ మైకట్టుకునేది ఆడే. విశ్వాసం సాలక పోనాడు, దొంగతనంగా ఆస్పత్రి కోసం ఏడిసినాడు అంటాడు. నీ పెళ్లాం ఇంటాది. సంఘం ఆమెన్ అంటాది. నువ్వు పెట్టెలో పడుకుని ఇంటావు. పైకి నేవనేవు."

నూకయ్య కళ్లు తెరిచాడు.

"ఆడు... నా గురించా?"

"మరి నా గురించేటి? శనివారం సభకి నీ ఫొటో ఏయించినాడు. పోతే అదే ఫొటోకి దండేసి ఆడుకుంటాడు. కరుసు కూడా నేదు."

నూకయ్య బస్తా మీంచి వీపు ఎత్తాడు. మెడ పక్కన నరం కొట్టుకుంటోంది. తర్వాత ఒక బూతు అన్నాడు. నాలుగేళ్లలో గౌరమ్మ అతని నోట వినని బూతు అది, మన్మథరావు తాత దాకా వెళ్లింది. చిన్నమ్మి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పట్నించి వింటోందో తెలియదు. చేతిలో గిన్నె ఉంది. ఈసారి దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"ఆ ఆటోవోడికి ఫోను సెయ్యి," అన్నాడు నూకయ్య. "రేపటిదాకా ఉంటానో ఉండనో. ఇప్పుడే రమ్మను."

ఆటోలో వెనక సీట్లో మధ్యన నూకయ్య, అటు చిన్నమ్మి, ఇటు గౌరమ్మ.  పూండి దాటాక చిన్నమ్మి ఫోను మోగింది. పాస్టరు. ఆమె చూసింది, ఎత్తలేదు. మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తింది.

"ఆఁ అయ్యగారూ. పలాస తీసుకెల్తన్నాం... ఏటి? దేవుడే డాక్టర్ల కాడికి నడిపించినాడని శనివారం సాక్ష్యం సెప్పాలా?" ఆమె మొగుడికేసి చూసింది. అతను తల ఆమె భుజం మీద వాల్చి ఊపిరి కోసం నోరు తెరిచి ఉన్నాడు. "మీరు నడిపించనేదు అయ్యగారూ. ఆపినారు. ఆపినారని సెప్పమంటే వచ్చి సెప్తాను." ఫోను కట్టేసి జాకెట్లో పెట్టుకుంది.

పలాస ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఈసీజీ తీసి చూసి, ఏమీ అడగకుండా ముందు ఇంజక్షను ఇచ్చాడు. తర్వాత అడిగాడు. ఏం తాగావు? బొండాలు. ఎన్ని? ఐదు. డాక్టరు ఆ అంకె కాగితం మీద రాసి, దాని కింద రెండు గీతలు పెట్టాడు. అరగంటలో డయాలసిస్ మీదకి ఎక్కించారు. టెక్నీషియన్ ఉమామహేష్‌కి నూకయ్య నాలుగేళ్లుగా తెలుసు. చేతిలో నరం వెతుకుతూ తిట్టాడు.

"ఏటి మావా, రెండుపాలీలు ఎగ్గొట్టినావు? ఎక్కడికెలిపోనావు? కారణం రాయాల."

"దొంగ ప్రవక్త వద్దన్నాడని రాసుకో," అంది గౌరమ్మ.

ఉమామహేష్ ఆమెకేసి ఓసారి చూసి, రిజిస్టర్లో 'జ్వరం' అని రాశాడు.

నాలుగు గంటలు యంత్రం తిరిగింది. గౌరమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. ఒళ్లో బైబిలు లేదు. తొందరలో మరిచిపోయింది. మరిచిపోయిన సంగతి మూడో గంటలో గాని ఆమెకి తట్టలేదు. పక్కన చిన్నమ్మి గోడకి తల ఆనించి కూర్చుంది.

"వదినా, ఆ హనన్యా అనేవోడు... ఆడు నిజంగానే అబద్దం అని తెలిసి సెప్పినాడేటి? నేకపోతే ఆడు కూడా నమ్మినాడేటి?"

"అది అందులో రాయనేదు."

"మనోడు?"

"మనోడికి నమ్మకం కూడా నేదు. ఫోనుంది."

లోపల్నించి ఉమామహేష్ పిలిచాడు. సూదులు తీశారు. నూకయ్య చేతి మీద దూది నొక్కి పట్టుకుని ఉన్నాడు. ఊపిరి చప్పుడు తగ్గింది. మొహం పాలిపోయింది.

"వరస తప్పిపోనాది మావా. నీ మంగళారం బెడ్డు వేరేవోళ్లకి ఇచ్చీసినాం. బుధవారం రా. పొద్దుట్ది కావాలా, మద్దేన్నంది కావాలా?"

నూకయ్య పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయాడు. చిన్నమ్మి నోరు తెరవబోతే గౌరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఉమామహేష్ పెన్ను రిజిస్టరు మీద ఆనించి నిలబడ్డాడు.

"పొద్దుట్ది," అన్నాడు నూకయ్య. "మద్దేన్నం అయితే తిరిగెల్లడానికి ఆటో దొరకదు."